దొరికిన గొంతు

నా చెల్లెలి బిడ్డ మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. ఇది రాజీ కోసం రాస్తున్నది కాదు. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. నా తరఫున నేనొక్కదాన్నే ఉన్నాను. నాకు రాయడం కూడా ఈ మధ్యనే వచ్చింది కాబట్టి ఆలస్యమైంది.

ఆమె హైదరాబాద్‌లో సినిమాలకు సంగీతం చేస్తుంది. హార్మోనియం, తబలా, పాడేవాళ్లు అనుకునేరు, అవేమీ ఉండవు. ఒక గది, ఒక కంప్యూటర్, గోడలకు అంటించిన స్పాంజి ముక్కలు, అంతే. ఆమెకు ఒక సైన్స్ సినిమా వచ్చింది. మనుషులు రాకెట్‌లో ఎండిపోయిన ఒక గ్రహం మీదికి పోతారట. ఆ సినిమాలో పాటలు లేవు. మొదటి నుంచి చివరిదాకా వెనక వచ్చేది శబ్దమే. ఆ శబ్దాలను విడిగా ఒక ఆల్బమ్‌గా కూడా విడుదల చేస్తారు, ఫోన్లలో వినడానికి. మా గొడవ ఆ ఆల్బమ్ గురించి.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఇంత చిన్నదానికి ఇంత పగనా అనిపిస్తుంది.

మాది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు కొట్టడానికి పోయేదాన్ని. అది మూతపడ్డాక రుద్రూర్ దిక్కు పొలాల్లో నాట్లకూ కలుపుకూ పోయాను. యాభై దాటేదాకా నాకు ఒక్క అక్షరం రాదు. రాలేదని బాధ కూడా పెద్దగా లేదు. బస్సులను నిలబడే చోటును బట్టి, ఎక్కే మనుషులను బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకరోజు బోధన్ బస్టాండులో బాన్సువాడ బస్సు ఆగే చోట వేరే బస్సేదో ఆగింది. కండక్టర్‌ను అడిగాను, "ఏడికి పోతది బిడ్డా," అని. అతను టికెట్ మిషను మీంచి తల ఎత్తలేదు.

"బోర్డు గంత పెద్దగున్నది, కండ్లు లేవా? అక్షరాలు రానోళ్లు ఇంట్ల కూసోవాలె."

పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు నవ్వారు. నేను ఆ బస్సు ఎక్కలేదు, తర్వాతి బస్సూ ఎక్కలేదు. ఇంటికి నడిచి వచ్చాను. చదువు కొందరికి భక్తితో వస్తుందంటారు. నాకు కోపంతో వచ్చింది.

మా వాడకట్టులో అంగన్‌వాడీ టీచరమ్మ పొద్దుగూకే వేళ ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేది. పిల్లలు కూర్చునే చిన్న చాపల మీద మోకాళ్లు నొప్పి పుట్టేలా కూర్చునేవాళ్లం. ఆమె గుణింతం పాతకాలం పద్ధతిలో చెప్పించేది. "క-కు దీర్ఘమిస్తే కా. క-కు గుడిస్తే కి. గుడి దీర్ఘమిస్తే కీ. కొమ్మిస్తే కు." కొమ్ము దగ్గరికి వచ్చేసరికి వెనక కూర్చున్న ఒకామె అడిగింది, "అక్షరానికి కొమ్మిస్తే పొడుస్తదా టీచరమ్మ?" అందరం నవ్వాం. టీచరమ్మ నవ్వకుండా, "నేర్సుకోకుంటె పొడుస్తది," అంది.

నన్ను పొడిచింది మాత్రం ఖ. నేనేం చేసినా క అనే వచ్చేది. "పొత్తికడుపుల నుంచి రావాలె. ముందుగాల గాలి పీల్సుకో, అటెంక అను," అనేది టీచరమ్మ. ఖ కోసం, ఘ కోసం నిండా గాలి పీల్చుకునేదాన్ని. గాలి మాత్రం బాగా వచ్చేది. అక్షరం సగం సార్లు తప్పే.

ఇంకో సంగతి. నాకు మనసులో చదువుకోవడం ఇప్పటికీ రాదు. పైకి అంటేనే నాకు అక్షరం అర్థమవుతుంది. బోర్డు చూసి "బా... న్సు..." అని నా చెవికి నేను వినిపించుకుంటే తప్ప అది ఊరి పేరు కాదు, గీతలే. నా చదువంతా నా గొంతులోనే ఉంది.

చెల్లెలి బిడ్డ ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బోధన్ వచ్చింది. చేతిలో చిన్న మిషను, దానికి బొచ్చు తొడుగు వేసిన మైకు.

"ఏందే గిది, ఉడుతను గిట్ల కొట్టుకొచ్చినవా?" అన్నాను.

"గాలి సప్పుడు పడకుండ ఏస్తరు పెద్దమ్మ," అని నవ్వింది.

మూసిన ఫ్యాక్టరీ ప్రహరీ వెంట తిరిగి, గాలికి కొట్టుకునే రేకు చప్పుడు పట్టుకుంది. చెరకు తోటలో నిలబడి ఆకు ఆకును కోసుకునే చప్పుడు పట్టుకుంది. చెరకు రసం బండి గజ్జెలు పట్టుకుంది. కందకుర్తి పోయి నదులు కలిసే చోట నీళ్ల చప్పుడు పట్టుకుని మళ్లీ మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగి, మైకు నా ముందు పెట్టింది.

"నువ్వు గుణింతం సదువు పెద్దమ్మ. గిప్పుడు ఎట్ల సదివినవో తర్వాత యాదికుంటది."

యాదికుంటది అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. నోరు పుక్కిలించి, మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఫొటో కాదు పెద్దమ్మ, చీర ఎందుకు అంది. నాకు తెలియదు, కట్టుకున్నాను. క నుంచి ఘ దాకా నాలుగు అక్షరాల గుణింతాలు చదివాను. ఖ దగ్గర తప్పాను. మళ్లీ చదవనా అంటే వద్దు, అదే బాగుంది అంది. మా ఇంట్లో మొదటిసారి ఒకరు నా చదువు కావాలని అడిగారని నేను చాలా రోజులు సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

సినిమా నిజామాబాద్ వచ్చినప్పుడు ఆమె పాసులు పంపింది. అక్కడే ఉండే చెల్లెతో కలిసి పోయాను. సగం దాకా ఏమీ అర్థం కాలేదు. దుమ్ము, రాకెట్, ముఖాలకు గాజు బుర్రలు పెట్టుకున్న మనుషులు. వెనక నుంచి వచ్చే చప్పుడు వాన ముందు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ రొద పెట్టినట్టుంది. తర్వాత ఆ గ్రహం మీది జీవులు వచ్చాయి. బూడిద రంగు ఒళ్లు, వంగిపోయిన నడుములు, కళ్లు ఉండాల్సిన చోట గుంటలు. అవి గుహలో వరసగా కూర్చుని నోళ్లు తెరిచాయి.

మొదట తేనెటీగల రొదలాగా వచ్చింది. ఆ రొదలోంచి ఒక గొంతు బయటికి వచ్చింది. లావుగా, నిదానంగా, బావిలోంచి వచ్చినట్టుగా. కొ... మ్మి... స్తే... కూ...

ఎంత సాగదీసినా, ఎంత లావు చేసినా, అది నేనే. ఖ దగ్గర తప్పింది. ఆ తప్పు కూడా అలాగే ఉంది. గాజు బుర్రల మనుషుల్లో ఒకడు, "ఇవి మాట్లాడుతున్నాయా, మూలుగుతున్నాయా?" అన్నాడు. హాలు నవ్వింది. మా వెనక వరసలో పోరగాళ్లు అందుకున్నారు. "కూ... కూ..." అని ఒకడు, "ఖీ... ఖీ..." అని ఇంకొకడు. నా పక్కన చెల్లె కూడా నవ్వింది. తనకు తెలియలేదు.

నేను లేచి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆ గొంతు నాదని వెనకవాళ్లు పోల్చుకుంటారని భయం. బయటికి వచ్చాక చెల్లె ఆటో మాట్లాడుతూ, "ఎట్లున్నది అక్క?" అంటే తల ఊపాను.

రాత్రి చెల్లె ఇంట్లో పడుకుని, మర్నాడు బోధన్ పోవడానికి బస్టాండులో నిలబడ్డాను. బస్సు వచ్చింది. బోర్డు చూసి అలవాటుగా నోరు తెరిచాను. "బో..." అన్నాను. నా చెవిలో గుహలోని జీవి అంది ఆ మాట. నోరు మూసుకున్నాను. బోర్డు గీతలైపోయింది. బోధన్ మనిషిలాగా కనిపించిన ఒకామె ఎక్కేదాకా ఆగి, ఆమె వెనక ఎక్కాను. అంటే కండక్టర్ తిట్టిన రోజుకు మళ్లీ వచ్చాను.

టీచరమ్మ దగ్గరికి పోవడం మానేశాను. ఇంట్లో పుస్తకం తెరిచినా నోరు రాలేదు. ఎందుకు రావట్లేదో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. సినిమాలో భూతం గొంతు నాది అని ఏ ముఖంతో చెప్పాలి?

చెల్లెలి బిడ్డ పుట్టింటికి వచ్చిందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున నిజామాబాద్ పోయాను. చెల్లె గడప దగ్గర చిక్కుడుకాయలు గిల్లుతోంది. బిడ్డ మంచం మీద కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చెప్పులు విడిచి నేరుగా అడిగాను.

"నా గొంతు తీస్కపోయి గా భూతాలకు పెట్టినవా?"

ఆమె ముఖం వెలిగిపోయింది. "గుర్తుపట్టినవా పెద్దమ్మ? ఇప్పటిదాంక ఒక్కలు గుర్తుపట్టలే."

దొంగతనం పట్టుకుంటే మెచ్చుకున్నట్టు సంతోషపడేవాళ్లను నేను అప్పుడే చూశాను.

"యాదికుంటదని సదివిపిచ్చుకున్నవు."

"యాదికే గద. సినిమా ఉన్నన్ని రోజులు ఉంటది."

"ఎవలకు యాది? అది నేనని ఎవలకు తెలుస్తది?"

"పెద్దమ్మ, అవి భూతాలు కావు. మాటలు మర్సిపోయినయ్. మల్ల మొదటి నుంచి నేర్సుకుంటున్నయ్. గందుకే నీ గొంతు కావాల్నని అనిపిచ్చింది. సదువొచ్చినోళ్లు ఎంత చేసినా గట్ల అనరాదు."

"అంటే సదువు రానిదాన్నని తీసుకున్నవు."

"నేను గట్ల అన్నన్నా?"

"నువ్వన్నదే మల్ల అన్న."

చెల్లె చిక్కుడుకాయల మీంచి తల ఎత్తింది. "ఏందక్క, పొద్దుగాల పొద్దుగాల. సాయ్ తాగు ముందు."

నేను చాయ్ తాగలేదు. బిడ్డ లేచి, చెవులకు పెట్టుకునే పెద్ద తొడుగులు నా చేతికిచ్చింది. ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదని, సినిమాలో అయితే ఇక ఏదీ మారదని, ఆల్బమ్‌లో ఇంకా మార్చుకోవచ్చని చెప్పింది. "మొత్తం ఒక్కసారి విను. అటెంక తిట్టు."

విన్నాను. అన్యాయంగా మాట్లాడే అలవాటు నాకు లేదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఒక చోట చెరకు ఆకుల చప్పుడు వానగా మారింది. మన వాన కాదు, చినుకు నేల మీద పడకుండా గాలిలోనే తిరిగే వాన. నేను ఎన్నో ఏళ్లు ఆ ఆకుల మధ్య నిలబడ్డాను, చేతులు కోసుకున్నాను. ఆ చప్పుడులో అంత చల్లదనం ఉందని నాకు తెలియదు. ఫ్యాక్టరీ రేకు చప్పుడు చాలా దూరం నుంచి, ఎవరో తలుపు తడుతున్నట్టు, ఆగి ఆగి వచ్చింది. పల్లవి లేదు, చరణం లేదు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. బాగుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు, చెప్పను కూడా. ఆ తర్వాత తేనెటీగల రొద వచ్చింది. దాని వెనక ఏం వస్తుందో తెలుసు కాబట్టి తొడుగులు తీసేశాను.

కంప్యూటర్ మీద ఆల్బమ్ బొమ్మ ఉంది. బూడిద రంగు కొండ, పైన రెండు చంద్రుళ్లు. కింద తెలుగులో సన్నటి వరసలు. ఎవరు ఏం చేశారో రాసిన పేర్లు అవి. చివరి వరస మిగతావాటికి దూరంగా, విడిగా ఉంది.

"గదేంది?"

"నేను సదువుత, ఆగు."

"నాకచ్చు."

చదివాను. సినిమా చూసిన తర్వాత నేను నోరు తెరిచి చదివింది అదే మొదలు. వాళ్లిద్దరూ వింటున్నారు. చెల్లె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "దొ... రి... కి... న." ఆగాను. "గొం... తు." మళ్లీ చదివాను. దొరికిన గొంతు: బోధన్ చెరకు తోటలు. బిడ్డ చెవి కొంచెం ఒకవైపుకు వంచి వింటోంది. మైకు పెట్టిన రోజు కూడా అలాగే విన్నది. ఇప్పుడు కూడా ఆమె నన్ను వింటున్నది నా గొంతు కోసమేనని, నేను చదివిన మాట కోసం కాదని నాకు అర్థమైంది.

"దొరికిన ఏంది?" అన్నాను.

"మా పనిల గట్లనే అంటరు పెద్దమ్మ. మేము వాయించకుండ, బయట నుంచి తెచ్చుకున్న సప్పుడును దొరికిన సప్పుడు అంటరు. రేకు, నీళ్లు, ఆకులు..."

"నేను రేకునా?"

"అరె, మాట వరసకు."

"దొరికెటందుకు నేను తప్పిపోయిన్నా? నా ఇంట్ల, నా అరుగు మీద, సీర కట్టుకొని కూసున్న. నువ్వు అడిగినవు, నేను సదివిన. తొవ్వల పడ్డ గొలుసు దొరుకుతది. గొడ్డు తప్పిపోతె దొరుకుతది. దొంగ దొరుకుతడు. నేను ఎవలకు దొరికిన?"

ఆమె కంప్యూటర్‌ను తన వైపు తిప్పుకుని, "సరె, నీ పేరు పెడత," అంది.

"నా పేరు పెట్టి గా భూతాలను పిలుస్తరా? తీసెయ్యి."

"పేరా?"

"గొంతు."

"గది తీసేస్తె ఆ పీస్ సచ్చిపోతది పెద్దమ్మ. ఆల్బమ్ మొత్తానికి అదే పానం."

"సావనియ్."

ఆమె కంప్యూటర్ మూత టప్పున మూసింది. చెల్లెకు అప్పుడు కోపం వచ్చింది. "నాలుగు అక్షరాలు అచ్చేసరికి నీకు కొమ్ములు మొలిసినయ్ అక్క. పోరి ఏడాది తిండి తినక చేసింది. దాని కడుపు కొడతవా?"

"మొలిసినయ్," అన్నాను. "దగ్గరికి రాకు, పొడుస్త."

అదే ఆ ఇంట్లో నేను అన్న చివరి మాట. బస్టాండు దాకా నడిచి వచ్చాను. చెల్లె ఆ తర్వాత ఫోన్ చేయలేదు. చుట్టాల పెళ్లిలో ఎదురుపడితే పక్కకు తిరిగి వేరే ఆమెతో మాట్లాడింది. నేనూ అదే పని చేశాను. పెద్దమ్మ ఈర్ష్యతో చేసిందని, చదువు తలకెక్కిందని ఆ పెళ్లిలోనే నా చెవిన పడింది.

కొన్ని వారాల తర్వాత నా ఫోన్‌కు ఒక పాట వచ్చింది. బిడ్డ పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. అది ఆ గుహ ముక్కే. తేనెటీగల రొద వచ్చింది. గొంతు రావాల్సిన చోట చెవులు బిగబట్టి కూర్చున్నాను. గొంతు రాలేదు. తీసేసింది. దాంతోపాటు పంపిన ఆల్బమ్ బొమ్మ కింద కూడా నా వరస లేదు, తర్వాత ఇంటి వెనక అమ్మాయిని పిలిచి చదివించుకున్నాను.

సరే అనుకుని ఫోన్ పక్కన పెట్టబోయాను. అప్పుడు వినిపించింది. రొద మధ్యలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. కొంచెం ఖాళీ. మళ్లీ పీల్చుకున్నారు, చిన్నగా. మళ్లీ. తర్వాత ఒకటి, పొత్తికడుపు దాకా, నిండుగా.

అది ఖ ముందు నేను పీల్చుకున్న గాలి.

అక్షరాలన్నీ ఏరి పారేసి, వాటి నడుమ నా ఊపిరి ఉంచుకుంది. చేపను పడేసి నీళ్లు అమ్మినట్టు. వెంటనే ఫోన్ చేశాను. ఎత్తింది.

"ఊపిరెందుకు ఉంచినవు?"

"తెలుసుకున్నవా," అంది. ఈసారి సంతోషం లేదు, అలసట ఉంది. "దాంట్ల నీ మాట ఒక్కటి లేదు. పేరు లేదు, ఊరు లేదు. ఊపిరి ఎవలదైన ఒక్క తీర్గనే ఉంటది పెద్దమ్మ."

"నాది నాకు ఎరుకైంది."

"నీకొక్కదానికే ఎరుకైంది. ఇంకెవ్వలకు కాదు. ఇంకేం కావాలె నీకు?"

"గది గూడ తియ్యి."

"తియ్య," అంది. "నువ్వు సావనియ్ అన్నవు. నేను సావనియ్య." ఫోన్ పెట్టేసింది.

మా మధ్య ఇప్పటివరకు అదే ఆఖరి మాట. ఆల్బమ్ ఆ ఊపిరితోనే విడుదలైంది. ఎవరు వింటున్నారో, విని ఏమనుకుంటున్నారో నాకు తెలియదు. ఆమెను క్షమించాలని చెప్పడానికి మా వదిన వచ్చి పోయింది. చాయ్ పోశాను, ఆ మాట మాత్రం తీసుకోలేదు.

కానీ ఆ ముక్కను నేను ఇంకోసారి విన్నాను, ఆ తర్వాత చాలాసార్లు విన్నాను. కోపంతోనే విన్నాను, ఎక్కడెక్కడ నా ఊపిరి దాచిందో పట్టుకోవడానికి. వినగా వినగా ఏ ఊపిరి తర్వాత ఏ అక్షరం ఉండేదో తెలిసిపోయింది. చిన్నది క. ఆ తర్వాతి ఖాళీలో దీర్ఘం. కొమ్ము ముందు కొంచెం తడబాటు, టీచరమ్మ క్లాసులో ఆ మాటకు నవ్వినందుకేమో. ఆ ఖాళీల్లో గుహలోని జీవి లేదు. దాని గొంతును ఆమే తీసేసింది. ఏమీ లేని ఆ చోట్లలో నా నోరు దానంతట అదే కదలడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు గొళ్లెం పెట్టాను. ఫోన్ ఆపేశాను. అది ఆపినా వింటుందేమోనని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. మామూలు చీరతోనే, నేల మీద పుస్తకం ముందు కూర్చున్నాను. క-కు దీర్ఘమిస్తే కా, అన్నాను. గుడిస్తే కి. కొమ్మిస్తే కు. అది భూతం గొంతు కాదు. మామూలుగా, కొంచెం బొంగురుగా, నాలాగే ఉంది.

ఖ దగ్గర ఆగాను. కడుపు దాకా గాలి పీల్చుకున్నాను. ఈసారి సరిగ్గా వచ్చింది. ఎవరికీ దొరకలేదు.